ఎత్తు తక్కువైతే సెంటర్ బ్యాక్ ఆడలేమా? ఫ్రాంకో బరేసి సంగతి చెబుతా

తమ్ముడూ, కొత్తగా చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి నీ ప్రశ్న ముందు క్లుప్తంగా రాస్తున్నా. నీ ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. కాలేజీ జట్టులో నిన్ను సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాపలా కాసే డిఫెండర్) నుంచి తీసేసి రైట్ బ్యాక్‌లో (కుడి అంచు డిఫెండర్) పెట్టారు, ఎత్తు చాలదన్నారు. ఫ్రాంకో బరేసిది కూడా ఇంచుమించు నీ ఎత్తేనని, అయినా ఇటలీ చూసిన గొప్ప డిఫెండర్లలో ఆయనొకడని ఒక ఫ్రెండ్ చెప్పాడు. నువ్వు వెతికితే 1994 ప్రపంచకప్ ఫైనల్లో పెనాల్టీని బార్ పైనుంచి కొట్టి, ఆ తర్వాత ఏడుస్తున్న వీడియోనే ముందు వచ్చింది. "ఈయన నిజంగా అంత గొప్పోడా, లేక పాతవాళ్లు ఊరికే పొగుడుతున్నారా, ఆయన్ని చూసి నేను నేర్చుకునేది ఏమైనా ఉందా" అని అడిగావు.

గొప్పోడే. నేర్చుకునేది కూడా బోలెడుంది. కానీ గెలిచిన కప్పుల లెక్క చదివితే అది తెలియదు. నేను చాలా ఏళ్లుగా పదిహేను, పదహారేళ్ల పిల్లలకు డిఫెన్స్ నేర్పిస్తున్నా. సెంటర్ బ్యాక్ ఆడతానన్న ప్రతి పిల్లాడికీ మొదట చూపించేది బరేసి ఆటే, ఎందుకంటే ఆయన ఆటలో కండబలం మీద నడిచేది తక్కువ, ఎప్పుడు ముందుకు జరగాలి ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్న నిర్ణయం మీద నడిచేది చాలా ఎక్కువ. ఎత్తు పుట్టుకతో వస్తుంది, ఆ నిర్ణయం మాత్రం నేర్చుకుంటే వస్తుంది. ఆయన కెరీర్ మొత్తం ఆ కోణంలోంచే చెబుతా.

ఆయన 1960 మే 8న ఉత్తర ఇటలీలో బ్రెషా దగ్గర ట్రవల్యాటో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్నాడు, టీనేజ్ దాటకుండానే తండ్రి కూడా పోయాడు. అన్న జుసెప్పే రెండేళ్లు పెద్ద, ఇద్దరూ ఊళ్లోని చర్చి మైదానంలో ఆడి పెరిగినవాళ్లే. ఇంటర్ మిలాన్ అన్నను తీసుకుంది. తమ్ముణ్ని చూసి మరీ చిన్నగా, బక్కగా ఉన్నాడని పంపేసింది. అంటే నీకు ఇప్పుడు చెప్పిన మాటే ఆయనకు పద్నాలుగేళ్లకే చెప్పారు. అదే నగరంలోని ఏసీ మిలాన్ 1974లో తీసుకుంది, అక్కడ కూడా "బుడ్డోడు" అన్న అర్థం వచ్చే మారుపేరే పెట్టారు. తర్వాత కొన్నేళ్లకు ఈ రెండు క్లబ్బులూ తలపడే మిలాన్ డెర్బీలో టాస్ దగ్గర ఒక పక్క ఇంటర్ కెప్టెన్‌గా అన్న, ఇంకో పక్క మిలాన్ కెప్టెన్‌గా తమ్ముడు నిలబడిన రోజులు వచ్చాయి. అప్పటికి జనం జుసెప్పేని "ఇంకో బరేసి" అని పిలవడం మొదలుపెట్టారు. జుసెప్పే కూడా మామూలు ఆటగాడు కాదు, అది గుర్తుంచుకో.

ఫస్ట్ టీమ్ తరఫున మొదటి మ్యాచ్ 1978 ఏప్రిల్ 23న, వెరోనా మీద, అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. మరుసటి సీజన్‌కే కోచ్ నిల్స్ లీడ్‌హోమ్ అతణ్ని ఏకంగా లిబెరో చేశాడు. లిబెరో అంటే ఇప్పటి పిల్లలకు అంతగా తెలియదు. అప్పట్లో ఇటలీలో డిఫెండర్లు ఒక్కొక్కరు ఒక్కో స్ట్రైకర్‌ని పట్టుకుని నీడలా తిరిగేవాళ్లు, వాళ్లందరి వెనకాల ఎవరినీ పట్టుకోకుండా ఒకడు ఉండి, తప్పించుకు వచ్చిన బంతిని, మనిషిని అడ్డుకునేవాడు, బంతి దొరికితే దాన్ని మోసుకుంటూ ముందుకు వెళ్లేవాడు. వాడే లిబెరో. మామూలుగా తలపండిన ఆటగాళ్లకు ఇచ్చే చోటు అది. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇవ్వడం అంటే, వాడి కాళ్ల కంటే వాడి చూపు మీద కోచ్‌కి నమ్మకం ఉందన్నమాట. 1978-79లో మిలాన్ లీగ్ గెలిచింది, క్లబ్‌కి అది పదో టైటిల్, మిలాన్ దిగ్గజం జాన్ని రివేరాకి ఆఖరి సీజన్.

ఇక్కడి నుంచి కథ సాఫీగా నడవలేదు. 1980లో ఇటలీ ఫుట్‌బాల్‌ని కుదిపేసిన బెట్టింగ్ కుంభకోణంలో మిలాన్ ఇరుక్కుంది, శిక్షగా సిరీ బి కి దించేశారు. బరేసికి ఆ గొడవతో సంబంధం లేదు, కానీ ఇరవై ఏళ్ల వయసులో రెండో డివిజన్ ఆడాల్సి వచ్చింది. ఒక్క ఏడాదిలో పైకి వచ్చారు, 1981-82లో మళ్లీ కిందికి, ఈసారి శిక్షతో కాదు, ఆటలోనే ఓడిపోయి. ఆ సీజన్లో బరేసి రక్తానికి సంబంధించిన జబ్బుతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. కోలుకుని 1982 ప్రపంచకప్ జట్టులో చోటు సంపాదించాడు, ఇటలీ కప్పు గెలిచింది, కానీ లిబెరో స్థానంలో గాయెటానో షిరేయా ఉన్నాడు కాబట్టి బరేసి ఒక్క నిమిషం కూడా ఆడలేదు. అదే వేసవిలో మిలాన్ నుంచి, ప్రపంచకప్ ఆడి గెలిచిన సెంటర్ బ్యాక్ ఫుల్వియో కొల్లోవాటి ఇంటర్‌కి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, సిరీ బి లో ఆడాలని ఎవరికుంటుంది? బరేసి మాత్రం ఉండిపోయాడు. ఇరవై రెండేళ్లకే కెప్టెన్ అయ్యాడు, రెండోసారి సిరీ బి గెలిపించి జట్టుని పైకి తెచ్చాడు.

మెడలో ప్రపంచకప్ పతకం, ఆడేది రెండో డివిజన్ మైదానాల్లో. ఆ రెండు సీజన్లూ ఆయనకి మేలే చేశాయని నా అభిప్రాయం. తడబడే జట్టులో లిబెరోకి చేతినిండా పని ఉంటుంది, ప్రతి ఆదివారం పక్కవాళ్ల తప్పులు సరిదిద్దాల్సి వస్తుంది. ప్రమాదాన్ని ముందే పసిగట్టే అలవాటు అలాంటి చోటే గట్టిపడుతుంది.

జాతీయ జట్టులో మాత్రం చాలాకాలం సరిగా కుదరలేదు. కోచ్ బేర్‌జోట్ ఆయన్ని మిడ్‌ఫీల్డర్‌గా చూశాడు, బరేసికి అది నచ్చలేదు. 1986 ప్రపంచకప్‌కి అన్న జుసెప్పే వెళ్లాడు, తమ్ముణ్ని తీసుకోలేదు. అప్పటికి ఫ్రాంకోకి 26 ఏళ్లు. ఆ రోజు ఆయన కెరీర్ ఆగిపోయి ఉంటే, మిలాన్ అభిమానులకు తప్ప పేరు గుర్తుండేది కాదేమో.

1987లో మిలాన్‌కి కోచ్‌గా అరిగో సాక్కి వచ్చాడు. ఇక్కడ నేను కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే నీకు పనికొచ్చేదంతా ఇక్కడే ఉంది.

సాక్కి ఎప్పుడూ ప్రొఫెషనల్‌గా ఆడినవాడు కాదు, పార్మా నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే మనిషికి మనిషిని పట్టుకునే పద్ధతి, వెనకాల లిబెరో, అన్నీ తీసేశాడు. నలుగురు డిఫెండర్లు ఒకే గీత మీద నిలబడాలి, బంతిని బట్టి అందరూ కలిసి కదలాలి. డిఫెన్స్‌కీ ముందున్న స్ట్రైకర్‌కీ మధ్య దూరం పాతిక మీటర్లకు మించకూడదు. దానర్థం, డిఫెన్స్ గీత గోల్ దగ్గర కాకుండా దాదాపు మధ్య గీత దాకా వచ్చి నిలబడాలి, వెనకాల నలభై మీటర్ల ఖాళీ వదిలేసి. పదేళ్లుగా అందరికంటే వెనక నిలబడి ఆడిన లిబెరోని తెచ్చి, నీ వెనక ఎవరూ ఉండరు, నువ్వే గీతని ముందుకు నడిపించు అంటే ఎలా ఉంటుందో ఊహించు. సాక్కి పార్మాలో తన దగ్గర ఆడిన సిన్యోరీని అనే డిఫెండర్ వీడియోలు చూడమని బరేసికి ఇచ్చాడని ఇటలీలో చెప్పుకుంటారు. అప్పటికే లీగ్ గెలిచినవాడు, ప్రపంచకప్ పతకం ఉన్నవాడు, కెప్టెన్. తనకంటే చిన్న పేరున్న ఆటగాణ్ని చూసి నేర్చుకోమంటే మొహం ముడుచుకోవచ్చు. ఆయన నేర్చుకున్నాడు.

సాక్కి ఇంకో కథ చెబుతుంటాడు. ప్రాక్టీసులో ఒక వైపు అయిదుగురు: గోల్‌కీపర్ జొవాన్ని గల్లి, టస్సోట్టి, బరేసి, కోస్టకుర్టా, మాల్దీని. ఇంకో వైపు పదిమంది, గుల్లిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్, ఆంచెలోట్టి, డొనడోనితో సహా. పావుగంటలో ఒక్క గోల్ కొట్టండి, బంతి పోతే మళ్లీ మీ సగం నుంచి మొదలుపెట్టండి, అంతే రూల్. ఎన్నిసార్లు పెట్టినా ఆ పదిమంది ఒక్క గోల్ కూడా కొట్టలేదంటాడు. ఆ నలుగురు డిఫెండర్లలో కొండంత మనిషి ఎవరూ లేరు, గమనించావా?

అది ఎలా సాధ్యం? మన కబడ్డీలో గొలుసు కట్టడం చూశావుగా, చేయీ చేయీ పట్టుకున్నవాళ్లలో ఒక్కడు తొందరపడి దూకినా రైడర్ ఆ సందులోంచి జారిపోతాడు, అందరూ ఒకేసారి కదిలితే వాడికి దారే ఉండదు. మిలాన్ డిఫెన్స్‌ది అదే సూత్రం, ఎప్పుడు కదలాలో చెప్పేవాడు బరేసి. చేయి పైకెత్తి నాలుగు అడుగులు ముందుకు వేస్తాడు, మిగతా ముగ్గురూ అదే క్షణంలో ముందుకు వస్తారు, వాళ్ల వెనకాల, గోల్ వైపు ఉండిపోయిన స్ట్రైకర్ ఆఫ్‌సైడ్, అంటే వాడికి పాస్ వేస్తే చెల్లదు. ఆ ఎత్తిన చేయి పాత వీడియోల్లో నీకు లెక్కలేనన్నిసార్లు కనబడుతుంది. లైన్స్‌మన్‌ని బెదిరించడానికే ఎత్తేవాడని కొందరంటారు. కొంత నిజం ఉండొచ్చు, కానీ చేయి లేచే సమయానికి అసలు పని అయిపోయి ఉంటుంది.

ఆ అసలు పని ఏంటంటే, ఆయన తన ముందున్న స్ట్రైకర్‌ని చూడడు, లేదా ఒక్క చూపు చూసి వదిలేస్తాడు. చూసేది దూరంగా బంతి కాళ్ల దగ్గర పెట్టుకున్నవాణ్ని. వాడు తల దించుకుని ఉన్నాడా, మన మిడ్‌ఫీల్డర్ వాడి మీదికి వెళ్లాడా, వీపు మన గోల్ వైపు ఉందా? అలాగైతే వాడు పొడుగు పాస్ వేయలేడు, గీత ముందుకు జరగొచ్చు. వాడు తలెత్తాడు, ఎదురుగా ఎవరూ లేరు, కాలు వెనక్కి లాగాడంటే మాత్రం బంతి మన వెనకాల పడబోతోంది, అందరూ వెనక్కి పరుగెత్తాలి. ఇటలీ కోచ్‌లు పిల్లలకు మొట్టమొదట నేర్పేది ఇదే, బంతి మీద ఒత్తిడి ఉందా లేదా చూసుకుని కదలడం. చెప్పడానికి రెండు ముక్కలే, కానీ మ్యాచ్‌లో ఇది సెకన్‌లో మూడో వంతు సమయంలో తేలాలి, అదీ తొంభై నిమిషాలు ఆపకుండా. బరేసి ఇందులో తప్పటడుగు వేయడం చాలా అరుదు.

ఇప్పుడు నీ ఎత్తు సంగతికి వద్దాం. పొడుగు స్ట్రైకర్ ప్రమాదకరం ఎక్కడ? మన పెనాల్టీ బాక్సులో. గోల్‌కి నలభై మీటర్ల దూరంలో వాడు నీ మీద నుంచి తలతో కొట్టినా బంతి ఎక్కడికి పోతుంది, మన మిడ్‌ఫీల్డర్ల కాళ్ల దగ్గరికే కదా. బరేసి గీతని ముందుకు తోసి, స్ట్రైకర్ ఎత్తుని పనికిరాని చోటికి నెట్టేసేవాడు. కార్నర్లు, ఫ్రీ కిక్‌ల దగ్గర ఈ ఉపాయం నడవదు, అక్కడ ఎగరక తప్పదు. ఎత్తు అసలు అక్కర్లేదని నేను చెప్పను. కానీ మ్యాచ్ మొత్తంలో అలాంటి సందర్భాలు ఎన్ని, మిగతా ఆట ఎంత, నువ్వే లెక్క వేసుకో.

ఫలితాలు త్వరగా చెప్పేస్తా. సాక్కి మొదటి సీజన్ 1987-88లోనే లీగ్ గెలిచారు, 30 మ్యాచ్‌లలో ఇచ్చింది 14 గోల్స్. 1989లో బార్సిలోనాలో స్టేవా బుకారెస్ట్‌ని 4-0తో కొట్టి యూరోపియన్ కప్, 1990లో వియన్నాలో బెన్ఫికాని 1-0తో కొట్టి మళ్లీ అదే కప్. 1989 బాలన్ డోర్ (ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే అవార్డు) ఓట్లలో మొదటి మూడు స్థానాలూ మిలాన్ వాళ్లవే: వాన్ బాస్టెన్, బరేసి, రైకార్డ్. ఒక డిఫెండర్, అదీ గోల్స్ కొట్టడం తన పని కానివాడు, అంత పైకి రావడం చిన్న విషయం కాదు. సాక్కి తర్వాత కోచ్‌గా కపెల్లో వచ్చాడు, 1991 నుంచి 1993 దాకా లీగ్‌లో వరుసగా 58 మ్యాచ్‌లు ఓడిపోలేదు. 1993-94లో మిలాన్ మొత్తం సీజన్లో కొట్టింది 36 గోల్సే, ఇచ్చింది 15, లీగ్ మాత్రం వాళ్లదే. ఆ లెక్క చూస్తే టైటిల్ ఎవరు గెలిపించారో వేరే చెప్పక్కర్లేదు.

లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే నువ్వు పాతవాళ్లు పొగుడుతున్నారనే అనుకుంటావు. ట్యాకిల్స్ మొరటుగా ఉండేవి, కార్డులు బాగానే పడేవి. 1994లో ఏథెన్స్‌లో బార్సిలోనాని 4-0తో ఓడించిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆయన లేడు, సస్పెన్షన్. ఇంకోటి, సిరీ ఎ (ఇటలీ మొదటి డివిజన్) చరిత్రలో ఎక్కువ సెల్ఫ్ గోల్స్ రికార్డు ఆయనదీ, ఇంటర్ డిఫెండర్ రికార్డో ఫెర్రిదీ, చెరో ఎనిమిది. ఇరవై సీజన్లు బంతికి అడ్డం పడుతూనే ఉన్నవాడికి అలాంటివి తప్పవు. సెల్ఫ్ గోల్ పడగానే తల దించుకుని మిగతా మ్యాచ్ అంతా బెదిరిపోయే పిల్లల్ని నేను చాలామందిని చూశాను, వాళ్లకి ఈ రికార్డు తప్పకుండా చెబుతుంటా.

ఇక నువ్వు చూసిన వీడియో. ఆ పది సెకన్లకు ముందు ఏం జరిగిందో తెలిస్తే ఆ మనిషిని నువ్వు వేరేగా చూస్తావు.

1994 ప్రపంచకప్, అమెరికా. ఇటలీ కోచ్ సాక్కినే, కెప్టెన్ బరేసి, వయసు 34. మొదటి మ్యాచ్ ఐర్లాండ్ చేతిలో 1-0తో ఓడారు. జూన్ 23న నార్వేతో రెండో మ్యాచ్, గోల్‌కీపర్ పల్యూకాకి మొదటి సగంలోనే రెడ్ కార్డ్, పదిమందితో ఆడుతున్నారు, రెండో సగం మొదలైన కాసేపటికే బరేసి మోకాలు పట్టేసింది. మోకాలి లోపలి మెత్తటి పొర, మెనిస్కస్, చిరిగింది. బయటికి వెళ్లిపోయాడు, అక్కడే ఆపరేషన్ చేశారు. ఆ వయసులో మోకాలికి ఆపరేషన్ అంటే టోర్నీ అయిపోయినట్టే, అందరూ అలాగే అనుకున్నారు. ఈలోగా ఇటలీ పడుతూ లేస్తూ మెక్సికోతో డ్రా చేసుకుని, నైజీరియా, స్పెయిన్, బల్గేరియాల మీద గెలిచి ఫైనల్ చేరింది. అక్కడికి వచ్చేసరికి డిఫెన్స్‌లో మనుషులు లేరు. టస్సోట్టి స్పెయిన్ ఆటగాడు లూయిస్ ఎన్రికే మొహం మీద మోచేత్తో కొట్టి నిషేధానికి గురయ్యాడు, కోస్టకుర్టాకి కార్డుల వల్ల ఫైనల్ లేదు.

జూలై 17న పాసడీనాలో, మిట్టమధ్యాహ్నం, మండుటెండలో ఫైనల్. ఆపరేషన్ అయ్యి నాలుగు వారాలు కూడా తిరగని మోకాలితో బరేసి మైదానంలోకి దిగాడు. ఎదురుగా రొమారియో, బెబెటో, ఆ టోర్నీలో ఇద్దరూ కలిసి ఎనిమిది గోల్స్ కొట్టి వచ్చినవాళ్లు. పక్కన సెంటర్ బ్యాక్‌గా మాల్దీని, అతను మామూలుగా లెఫ్ట్ బ్యాక్. అరగంట దాటగానే రైట్ బ్యాక్ ముస్సి కూడా గాయంతో వెళ్లిపోయాడు. అంటే ఆ గీత ఏ పూటకాపూట కట్టుకున్నది, నడిపించాల్సింది మూడు వారాలకు పైగా మ్యాచ్ ఆడని మనిషి.

120 నిమిషాలు, బ్రెజిల్‌కి ఒక్క గోల్ రాలేదు. రొమారియో పెనాల్టీ బాక్సు అంచున బంతి అందుకునే ప్రతిసారీ ముందే ఒక నీలం చొక్కా వచ్చి నిలబడి ఉంటుంది, వీపు మీద 6. పరుగు పందెంలో రొమారియోతో ఆ మోకాలు నెగ్గదు, బరేసికి ఆ సంగతి తెలుసు, అందుకే పందెం మొదలయ్యే పరిస్థితే రానివ్వలేదు. పాస్ వేసేవాడి కాలు కదిలే ముందే రెండడుగులు అటు జరిగి ఉంటాడు. నేను చూసిన సెంటర్ బ్యాక్ ఆటల్లో దీన్ని మించింది లేదు, ఈ విషయంలో ఎవరితోనైనా వాదిస్తా. ఎక్స్‌ట్రా టైమ్‌కి కాళ్ల కండరాలు పట్టేశాయి, నేల మీద కూర్చుంటే పక్కవాళ్లు కాళ్లు సాగదీశారు. అలాంటి కాళ్లతో, కెప్టెన్‌గా, ఇటలీ మొదటి పెనాల్టీకి తనే వెళ్లాడు. బంతి బార్ పైనుంచి పోయింది. తర్వాత మస్సారో కొట్టింది బ్రెజిల్ గోల్‌కీపర్ టఫరెల్ ఆపాడు, రొబెర్టో బజ్జో కొట్టింది కూడా పైనుంచే పోయింది, 3-2తో బ్రెజిల్ గెలిచింది.

పెనాల్టీలకు బెదిరే మనిషి కాదు. 1990 ప్రపంచకప్ సెమీఫైనల్లో నేపుల్స్‌లో అర్జెంటీనా మీద షూటౌట్లో మొదటిది ఆయనే కొట్టాడు, గోల్ అయ్యింది. ఆ టోర్నీ మొత్తంలో ఏడు మ్యాచ్‌లాడి ఇటలీ ఇచ్చింది రెండే గోల్స్, దక్కింది మూడో స్థానం. 1982లో బంగారు పతకం, 1990లో కంచు, 1994లో వెండి, మూడూ ఆయన దగ్గర ఉన్నాయి. బంగారు పతకం వచ్చిన టోర్నీలో ఒక్క నిమిషం ఆడలేదు, వెండి కోసం మోకాలినే పణంగా పెట్టాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధనిపిస్తుంది.

ఆ ఏడాదే జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు, 81 మ్యాచ్‌ల దగ్గర. మిలాన్‌కి 1997 దాకా ఆడాడు. 1996లో ఇంకో లీగ్ గెలిచాక, ఆఖరి సీజన్లో జట్టు పదకొండో స్థానానికి పడిపోయింది, ముగింపు మాత్రం ఘనంగా జరగలేదు. మిలాన్‌కి మొత్తం 719 మ్యాచ్‌లు, ఆరు లీగ్ టైటిల్స్, రెండు సిరీ బి టైటిల్స్. వేరే క్లబ్ చొక్కా ఎప్పుడూ వేసుకోలేదు. ఆయన తర్వాత మిలాన్ 6వ నంబర్ చొక్కా ఇంకెవరికీ ఇవ్వడం లేదు.

ఎత్తు గురించి ఇంకో పేరు కూడా చెబుతా, మీ కోచ్‌కి చెప్పడానికి పనికొస్తుంది. ఫాబియో కన్నవారోది కూడా బరేసి ఎత్తే, 1.76 మీటర్లు. 2006లో ఇటలీకి కెప్టెన్‌గా ప్రపంచకప్ ఎత్తాడు, అదే ఏడాది బాలన్ డోర్ గెలిచాడు. అతని దారి మాత్రం వేరు, అతను నేల మీద నుంచి స్ప్రింగ్‌లా లేచేవాడు, పొడుగువాళ్లతో గాల్లోనే తేల్చుకునేవాడు. నీకు ఆ ఎగిరే శక్తి ఉంటే కన్నవారోని చూడు, లేకపోతే బరేసిని చూడు.

ఇక నువ్వు చేయాల్సిన పనులు. బరేసి కాలానికీ ఇప్పటికీ రూల్స్ మారాయి, అది తెలియకుండా గుడ్డిగా చేయి ఎత్తితే గోల్ తింటావు. 1990 దాకా చివరి డిఫెండర్‌తో సమానంగా నిలబడినా ఆఫ్‌సైడే, ఆ తర్వాత సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. అప్పట్లో ఏ మూలనో ఒకడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నా తరచూ జెండా లేచేది, ఇప్పుడు ఆటలో జోక్యం చేసుకోకపోతే వాణ్ని పట్టించుకోరు, వాడు నడుచుకుంటూ వెళ్తుంటే వెనక నుంచి ఇంకొకడు పరుగెత్తుకొస్తాడు. కాబట్టి ముందుకు జరగడం ఎంత ముఖ్యమో, ఒళ్లు పక్కకి తిప్పి వెనక్కి పరుగెత్తడానికి సిద్ధంగా ఉండడం ఇప్పుడు ఇంకా ముఖ్యం. పైగా కాలేజీ మ్యాచ్‌లలో లైన్స్‌మన్ ఒక్కోసారి మన జట్టు సబ్‌స్టిట్యూటే అయి ఉంటాడు, ఆఫ్‌సైడ్ మీద మొత్తం భారం వేయకు.

ప్రాక్టీసులో ఒక్కటి చెయ్యి. నలుగురు డిఫెండర్లు, ఎదురుగా ముప్పై మీటర్ల దూరంలో బంతితో ఒకడు, మధ్యలో ఇద్దరు స్ట్రైకర్లు. బంతి ఉన్నవాడు ఒక్కోసారి తలెత్తి కాలు వెనక్కి లాగుతాడు, ఒక్కోసారి వెనక్కి తిరుగుతాడు, ఒక్కోసారి పక్కకి పాస్ ఇస్తాడు. నువ్వు ప్రతిసారీ గట్టిగా "పైకి" లేదా "వెనక్కి" అని అరవాలి, నలుగురూ కదలాలి. మొదట్లో సగం సార్లు తప్పు చెబుతావు, పర్వాలేదు, ఆపొద్దు. నీ గొంతు వినబడకపోతే మాత్రం ఇదంతా వృథా, సెంటర్ బ్యాక్ నోరు విప్పాలి.

రైట్ బ్యాక్‌లో పెట్టారని బాధపడకు. మాల్దీని కుడికాలి వాటం మనిషి, ఎన్నో ఏళ్లు లెఫ్ట్ బ్యాక్ ఆడాడు, అక్కడ నేర్చుకున్నది సెంటర్‌కి వచ్చాక పనికొచ్చింది. పక్క నుంచి ఆడితే మైదానం మొత్తం ఒకే వైపు కనబడుతుంది, గీత ఎవరి వల్ల తెగుతోందో బాగా తెలుస్తుంది. అక్కడి నుంచే గీతని సరిచేయడం మొదలుపెట్టు, సెంటర్ బ్యాక్ ఎవరికైనా దెబ్బ తగిలిన రోజు కోచ్ ముందు నీ వైపే చూస్తాడు.

వీడియోల్లో హైలైట్స్ చూడకు, అందులో డిఫెండర్ కనబడడు. రెండు మ్యాచ్‌లు పూర్తిగా చూడు. ముందు 1989 ఏప్రిల్ 19న సాన్ సిరోలో మిలాన్ 5, రియల్ మాడ్రిడ్ 0. అందరూ ఆ అయిదు గోల్స్ చూస్తారు, నువ్వు మాడ్రిడ్ దగ్గర బంతి ఉన్నప్పుడు మిలాన్ 6వ నంబర్ ఎక్కడ ఉన్నాడో చూడు. తర్వాత 1994 ఫైనల్, షూటౌట్ మొదలయ్యేదాకా. బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ దుంగా గానీ ఇంకెవరైనా గానీ పాస్ వేయబోయే ముందు వీడియో ఆపేసి, బరేసి ఏ వైపు జరుగుతాడో నువ్వు చెప్పు, తర్వాత ప్లే నొక్కు. మొదటి సగం అయ్యాక ఎన్ని సరిపోయాయో, ఎన్ని తప్పాయో ఇక్కడ రాయి, తప్పినవాటి టైమ్ కూడా రాయి, ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.